ముందు అక్షరం మారాలి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్

ప్రశ్న: అన్నా, కడపలో ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. నేనూ మా ఆయనా కలిసి చూసుకుంటాం. పెండ్లి పత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, పాస్‌పోర్టు ఫొటోలు మా పని. రెండు సిస్టమ్‌లు ఉన్నాయి, ఒకదాంట్లో విండోస్ 7, ఇంకోదాంట్లో విండోస్ 10. అనూ ఫాంట్లు డబ్బు పెట్టి కొన్నాం గానీ పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్ అన్నీ సిస్టమ్ అమ్మినాయన వేసిచ్చిన క్రాక్‌లే, అంటే డబ్బు కట్టకుండా నడిపే దొంగ కాపీలే. పోయిన నెల ఒక సిస్టమ్‌లో ఫైళ్ల పేర్ల చివర ఏవో అక్షరాలు చేరి, ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితే తిరిగిస్తామని ఇంగ్లీషులో ఒక నోట్ ఉంది. ఇంటర్ చదివే మా వాడు 'అన్నీ తీసేసి విండోస్ బదులు లినక్స్ వేద్దాం, అంతా ఫ్రీ' అంటాడు. మా ఆయన 'నడిచే షాపును కదిలించొద్దు' అంటాడు. ఒరిజినల్ కొనాలంటే మా వల్ల కాదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో మా పని జరుగుతుందా? అసలు ఊరికే ఎందుకిస్తారు? ఇన్నేండ్ల పాత ఫైళ్ల గతేమిటి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. - ఒక సోదరి, కడప

సమాధానం: చెల్లెమ్మా, మొదట ఆ తాళం పడిన ఫైళ్ల సంగతి చూద్దాం. డబ్బు కట్టొద్దు. కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న గ్యారంటీ ఏమీ లేదు. ఆ సిస్టమ్‌ను ఫార్మాట్ కూడా చేయించొద్దు. హార్డ్ డిస్క్ ఊడదీయించి, దాని మీద తేదీ రాసి భద్రంగా పెట్టండి. కొత్త డిస్క్ వేసుకుని పని సాగించండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో 'నో మోర్ రాన్సమ్' అనే వెబ్‌సైట్ పెట్టాయి. పాడైన ఫైలు ఒకటి, ఆ బెదిరింపు నోట్ అక్కడ ఎక్కిస్తే అది ఏ రకం వైరస్సో చెబుతారు. దానికి విరుగుడు ఉంటే ఉచితంగానే ఇస్తారు. ఇవాళ విరుగుడు లేకపోయినా రేపు రావచ్చు, డిస్క్ దాచమన్నది అందుకే.

ఇలాంటివి క్రాక్‌ల వెంట వచ్చే అవకాశం చాలా ఎక్కువ. క్రాక్ వేసేటప్పుడు 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని అడగడం మీరు చూసే ఉంటారు. ఆపగానే అది ఏం తెచ్చి పెట్టినా అడ్డుకునేవాళ్లు ఉండరు. దానికి తోడు విండోస్ 7కు 2020 జనవరిలోనే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. కాబట్టి 'నడిచే షాపును కదిలించొద్దు' అన్న మీ ఆయనకు ఒక మాట చెప్పండి: షాపు ఇప్పటికే కదిలింది. మళ్లీ అదే క్రాక్‌లు వేయించుకుంటే మళ్లీ ఇదే జరగొచ్చు.

అలాగని మీ అబ్బాయి చెప్పినట్టు రాత్రికి రాత్రి లినక్స్ వేయొద్దు. అది చివర చేయాల్సిన పని. దాన్ని మొదట చేస్తే, పొద్దున్నే పెండ్లివాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు పాత ఫైలు తెరుచుకోదు, ప్రింటర్ పలకదు, చేతికి అలవాటైన కీబోర్డు ఉండదు. అప్పుడు ఫ్రీ సాఫ్ట్‌వేర్ పనికిరాదని ఇంట్లో అందరూ తీర్మానించుకుని పాత క్రాక్‌ల దగ్గరికే పోతారు. మొదలుపెట్టాల్సింది మీ తెలుగు అక్షరాల దగ్గర. మిమ్మల్ని పాత ప్రోగ్రాములకు కట్టిపడేస్తున్నది ఆ ప్రోగ్రాముల గొప్పతనం కాదు, మీ ఫైళ్లలో తెలుగు ఉన్న తీరు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

పెండ్లి పత్రిక మీద 'లక్ష్మి' అని అనూలో కొట్టారనుకోండి. తెర మీద మనకు లక్ష్మి కనబడుతుంది. ఫైలు లోపల మాత్రం ఆ పేరు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కొన్ని వరసగా ఉన్నాయి. అనూ ఫాంటు ఆ గుర్తుల స్థానంలో ల బొమ్మ, క్ష బొమ్మ, మ ఒత్తు బొమ్మ, గుడి బొమ్మ పెట్టి చూపిస్తోంది. ఫాంటు తీసేస్తే అంతా పిచ్చి రాత. అందుకే ఆ మేటర్‌ను వాట్సాప్‌లో పంపలేరు, పాత ఫైళ్లలో పేరు పెట్టి వెతకలేరు, ఇంకో ఫాంటు కంపెనీకి మారలేరు. అదే యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేతం ఉండే పద్ధతిలో కొడితే, ఫైలులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు పడతాయి. ప్రపంచంలో ఏ కంప్యూటరైనా, ఏ ఫోనైనా వాటిని లక్ష్మి అనే చదువుతుంది. ఫాంటు ఏదైనా సరే, పేరు పేరుగానే ఉంటుంది.

ఇందులో మీకు రోజూ కనబడే లాభం ఒకటుంది. ఇప్పుడు చాలామంది పత్రిక మేటర్ వాట్సాప్‌లోనే తెలుగులో కొట్టి పంపిస్తున్నారు కదా. అదంతా యూనికోడే. మీరు దాన్ని ఫోన్‌లో చూసుకుంటూ మళ్లీ అనూలో మొదటి నుంచి కొడుతున్నారు. తాతల పేర్లలో ఒక దీర్ఘం పోతే మొత్తం పత్రికలు మళ్లీ వేసివ్వాల్సి వస్తుంది. యూనికోడ్‌కు మారితే వాళ్లు పంపిన మేటర్ కాపీ చేసి పేజీలో పెట్టుకోవడమే. తప్పుంటే అది వాళ్లు కొట్టిన తప్పే. సాఫ్ట్‌వేర్ ధర సంగతి పక్కన పెట్టండి, ఈ ఒక్క కారణానికైనా మీరు మారాల్సిందే అంటాను.

ఇక్కడే చిక్కుంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. 2001లో వచ్చిన 7.0 తర్వాత అడోబ్ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. మీరు లక్ష రూపాయలు చేతిలో పట్టుకుని వెళ్లినా ఇవాళ కొత్త పేజ్‌మేకర్ అమ్మేవాళ్లు లేరు. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. చిత్రమేమంటే ఉచితంగా దొరికే ప్రోగ్రాములు లిబ్రేఆఫీస్ (ఆఫీసు పనులకు), ఇంక్‌స్కేప్ (డిజైన్లకు), జింప్ (ఫొటోలకు), స్క్రైబస్ (పేజీలు కూర్చడానికి) నాలుగూ యూనికోడ్ తెలుగును ఒత్తులు చెదరకుండా చూపిస్తాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి, స్క్రైబస్ మాత్రం 1.6 గానీ ఆ పైది గానీ ఉండాలి. భారతీయ లిపులను సరిగ్గా కూర్చే పద్ధతి దాని పాత స్థిర వెర్షన్లలో లేదు. 1.6 వచ్చింది 2024 జనవరిలో. అంతకుముందు ఎవరైనా స్క్రైబస్ వేసుకుని 'తెలుగు రావడం లేదు' అని తీసేసి ఉంటే వాళ్ల మాట అప్పటికి నిజమే, ఇప్పటికి కాదు.

ఫాంట్ల గురించి దిగులు వద్దు. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మేటర్‌కు మండలి, లావు హెడ్డింగులకు రామభద్ర, పత్రిక మీద పేర్లకు ధూర్జటి, శ్రీకృష్ణదేవరాయ, చేతిరాతలా కావాలంటే లక్కిరెడ్డి. ఇంకా తిమ్మన, సూరన్న, పెద్దన, రవిప్రకాశ్ ఉన్నాయి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చినవి. అంటే పత్రికలు వేసి అమ్ముకోవచ్చు, ఫ్లెక్సీలు కొట్టవచ్చు, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. ఫాంటును విడిగా సరుకులా అమ్మకూడదు, అంతే. అనూలో ఉన్నన్ని అలంకార ఫాంట్లు మాత్రం యూనికోడ్‌లో ఉచితంగా దొరకవు. ఆ లోటు ఒప్పుకోవాలి. పత్రికకు అనూ సొగసే కావాలని పట్టుబట్టే గిరాకీ కొంతకాలం ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ఫాంట్లే కాబట్టి వాటిని వదిలేయాల్సిన అవసరమూ లేదు, ఆ పనుల వరకు వాడుకోండి.

టైపింగ్ మాటకొస్తే, అనూలో యాపిల్ అనే కీల అమరికకు (లేఅవుట్‌కు) అలవాటుపడిన చేతికి కొత్తది కొన్నాళ్లు కష్టమే. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక ముందే ఉంది. విండోస్ 10లో 2019 నుంచి ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. లినక్స్‌లోనైతే యాపిల్ పేరుతోనే తెలుగు లేఅవుట్ ఒకటి దొరుకుతుంది, కొన్ని కీలు మీ అలవాటుకు తేడాగా తగలవచ్చు, చూసుకోండి. నన్నడిగితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటాను. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు, కుడిచేతి వైపు హల్లులు. హిందీకీ అదే అమరిక. స్కూళ్ల హిందీ ప్రశ్నపత్రాలు కూడా మీరే కొట్టుకోగలుగుతారు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో ట పొల్లు, వ కలిసిపోయి ఒత్తు పడకుండా ఆపడానికి కనబడని గుర్తు ఒకటుంది. మీ కీబోర్డులో అది ఏ కీ మీద ఉందో మొదటిరోజే కనుక్కోండి. ఇంగ్లీషు పేర్లు, స్కూళ్ల పేర్లు కొట్టేటప్పుడు అది లేకుండా పని జరగదు.

ఇక పాత ఫైళ్లు. అన్నీ మార్చాలని కూర్చోవద్దు, తరిగేది కాదు. పాత పత్రికల్లో తొంభై పాళ్లు మళ్లీ ఎవరూ అడగరు. ఏటా తిరిగొచ్చేవి చూసుకోండి: స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పెండ్లి, గృహప్రవేశం, దశదిన కర్మ పత్రికల మూస మేటర్, దేవుని కడప తేరుకు, పెద్దదర్గా ఉరుసుకు వేసే కరపత్రాలు. లిబ్రేఆఫీస్‌లోని డ్రా 2015 నుంచీ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. అమరిక అటూ ఇటూ అవుతుంది, అన్ని ఫైళ్లూ వస్తాయని చెప్పలేం, కానీ మేటర్ వరకు బయటికి తీసుకోవచ్చు. ఆ మేటర్‌ను అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అనూలో కొన్ని అక్షరాలు ముక్కలుగా కొట్టి అతికించినవి కాబట్టి మార్పిడిలో ఒత్తులు, ఘ, ఝ లాంటివి తప్పవచ్చు. అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫ్ చూడకుండా వదలొద్దు. మిగతా వాటిని పీడీఎఫ్‌గా చేసి దాచేయండి. మళ్లీ ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

తాళం పడిన సిస్టమ్‌లో పోయిన మేటర్‌కు ఇంకో దారి ఉంది. గిరాకీకి చూపించడానికి పాత పత్రికల శాంపిళ్లు ఆల్బమ్‌లో పెట్టి ఉంటారు కదా. వాటిని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి టెసరాక్ట్ అనే ప్రోగ్రాంకు ఇస్తే అచ్చులో ఉన్న తెలుగును చదివి యూనికోడ్ మేటర్‌గా ఇస్తుంది. ఇది కూడా ఉచిత ఓపెన్ సోర్సే. హెచ్‌పీ కంపెనీలో పుట్టింది, 2005లో అందరికీ తెరిచిచ్చారు. దీనికి జీఇమేజ్‌రీడర్ అనే పైతొడుగు వేసుకుంటే మౌస్‌తోనే పని అయిపోతుంది. మామూలు అక్షరాలను బాగానే పడుతుంది, అలంకార ఫాంట్ల దగ్గర తడబడుతుంది. మూస మేటర్ తిరిగి తెచ్చుకోవడానికి అది చాలు.

ఏ పనికి ఏది అంటే, ప్రశ్నపత్రాలకు లిబ్రేఆఫీస్ రైటర్. రెండు కాలమ్‌లు, పట్టికలు, లెక్కల ఫార్ములాలు అన్నీ వస్తాయి. టీచర్లు వర్డ్‌లో కొట్టి పంపిన ఫైళ్లు తెరుస్తుంది గానీ, వాళ్లు గౌతమి ఫాంటులో కొట్టి మీ సిస్టమ్‌లో ఆ ఫాంటు లేకపోతే పేజీలు జరిగిపోతాయి. ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపమనండి, పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు.

పత్రికలకు, కరపత్రాలకు, ఒకటి రెండు ఫారాల పుస్తకాలకు స్క్రైబస్. పేజ్‌మేకర్ చేసిన చేతికి దీని పద్ధతి తొందరగానే పట్టుబడుతుంది: పేజీ మీద డబ్బా గీయడం, అందులో మేటర్ పోయడం, ఒక డబ్బా నిండితే ఇంకో డబ్బాకు లింకు ఇవ్వడం. మేటర్ కొట్టడానికి స్టోరీ ఎడిటర్ అనే విడి కిటికీ ఉంటుంది. పేజ్‌మేకర్‌లో మీరు వాడింది లాంటిదే. స్క్రీన్ ప్రింటింగ్‌కు బటర్ పేపర్ మీద నలుపు ప్రింటు తీసే పని ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతుంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌కైతే స్క్రైబస్ నేరుగా సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల) పీడీఎఫ్ ఇస్తుంది, ప్రెస్సువాళ్లకు అదే కావాలి. పట్టికలు గీయడంలో మాత్రం ఇది బలహీనం. లెక్కల పట్టికలున్న కరపత్రమైతే రైటర్‌లో చేసుకోండి.

ఫ్లెక్సీ డిజైన్లు, లోగోలు, విజిటింగ్ కార్డులు ఇంక్‌స్కేప్‌లో చేయండి. పని పూర్తయి ఫ్లెక్సీ ప్రింటు షాపుకు పంపేటప్పుడు పీడీఎఫ్‌గా సేవ్ చేయమంటే ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో 'టెక్స్ట్‌ను పాత్‌గా మార్చు' అన్నదాన్ని ఎంచుకోండి. అక్షరాలన్నీ గీతలుగా మారిపోతాయి. అవతలి సిస్టమ్‌లో మీ ఫాంటు లేకపోయినా పది అడుగుల బ్యానర్ మీద ఒత్తు ఎగిరిపోవడం ఉండదు. అలా మార్చకముందు ఫైలును వేరే పేరుతో దాచుకోండి. గీతలైపోయిన అక్షరాల్లో మళ్లీ పేరు దిద్దలేరు, నాయకుడి పేరు ముందు 'శ్రీ' లేదని రాత్రి ఫోన్ వస్తే ఆ అసలు ఫైలే ఆదుకుంటుంది.

ఫొటోలకు జింప్. పాస్‌పోర్టు సైజు 35 బై 45 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో అది 413 బై 531 పిక్సెళ్లు. ఆ కొలతతో ఒక మూస చేసి పెట్టుకుంటే నిమిషాల్లో షీట్ తయారవుతుంది. జింప్ ఫొటోషాప్ వాడే పీఎస్‌డీ ఫైళ్లు తెరుస్తుంది, లేయర్లు కూడా వస్తాయి, కానీ ఫొటోషాప్ ఎఫెక్టులు కొన్ని రావు. పెండ్లి ఆల్బమ్ డిజైనింగ్ మీ పనుల జాబితాలో రాయలేదు, మంచిదే. ఆ పనంతా రెడీమేడ్ పీఎస్‌డీ మూసలు, ఫొటోషాప్ యాక్షన్ల మీద నడుస్తుంది. రేపు అందులోకి దిగితే జింప్‌తో నెట్టుకురమ్మని నేను చెప్పను. ఒక్క సిస్టమ్‌కు ఫొటోషాప్ నెలవారీ చందా కట్టుకుని, ఆ ఖర్చు ఆల్బమ్ రేటులో కలుపుకోవడమే సరైన పని. కోరల్ కూడా అంతే. దాని సీడీఆర్ ఫైళ్లను ఇంక్‌స్కేప్, డ్రా కొంతవరకు తెరుస్తాయి, తిరిగి సీడీఆర్‌గా సేవ్ చేసి ఇవ్వలేవు. 'సీడీఆరే కావాలి' అనే ఫ్లెక్సీ షాపుకు పీడీఎఫ్ ఇచ్చి ఒకసారి చూడమనండి. కోరల్ పీడీఎఫ్ తెరుస్తుంది, చాలాసార్లు పని అయిపోతుంది.

కడపలో షాపు కాబట్టి ఉర్దూ పత్రికలూ వస్తుంటాయి. తెలుగు, ఉర్దూ ఒకే కార్డు మీద వేసే పెండ్లిళ్లు మీకు కొత్త కాదు. దానికి వేరే ప్రోగ్రాం, దాని క్రాక్ అక్కర్లేదు. నోటో నస్తలీఖ్ ఉర్దూ అనే ఫాంటు ఉచితం. రైటర్‌లోనూ స్క్రైబస్ 1.6లోనూ కుడి నుంచి ఎడమకు రాత నడుస్తుంది. వధువు, వరుల పేర్లు రాసిచ్చినవాళ్ల చేతే ప్రూఫ్ చదివించుకోండి.

'ఊరికే ఎందుకిస్తారు' అన్న మీ అనుమానం న్యాయమైనదే. మన దగ్గర ఊరికే ఇచ్చేదాని వెనక ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. మీ సిస్టమ్‌లో వీడియోలు చూడటానికి వీఎల్‌సీ ఉండే ఉంటుంది. అది 1996లో ఫ్రాన్స్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన పని, ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరే. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఒక పట్టుదలతో ఈ పని మొదలుపెట్టాడు: సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఏ పనికైనా వాడుకోవాలి, లోపల ఎలా ఉందో చూడగలగాలి, మార్చుకోగలగాలి, పక్కవాడికి ఇవ్వగలగాలి అని. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ రాసి అందరికీ ఇచ్చాడు. ఇవాళ దాని మీద పనిచేసేవాళ్లలో చాలామంది పెద్ద కంపెనీల్లో జీతం తీసుకునే ఇంజినీర్లే. తమ సర్వర్లు దాని మీదే నడుస్తాయి కాబట్టి ఆ కంపెనీలకది అవసరం. లిబ్రేఆఫీస్‌ను 2010 నుంచి డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ చూసుకుంటోంది. విరాళాలు, కొన్ని కంపెనీల శ్రమ దానికి ఆధారం. మెనూలను తెలుగులోకి మార్చినవాళ్లు మన తెలుగువాళ్లే, స్వచ్ఛందంగా. ఆ మాట నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది.

మోసం లేదు గానీ లోటు ఉంది. పని ఆగిపోతే ఫోన్ చేసి నిలదీయడానికి ఎవరూ ఉండరు. మీరే వెతుక్కోవాలి, అడగాలి, నేర్చుకోవాలి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడు ఉండటం ఇక్కడ మీకు కలిసొచ్చింది. ఇంకో జాగ్రత్త: 'ఫ్రీ డౌన్‌లోడ్' అని కనబడిన ప్రతిదీ ఇలాంటిది కాదు. ఎక్కడపడితే అక్కడ దించుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, ఇంక్‌స్కేప్ డాట్ ఆర్గ్, జింప్ డాట్ ఆర్గ్, స్క్రైబస్ డాట్ నెట్, ఈ సొంత సైట్ల నుంచే దించుకోండి.

చట్టం మాట మీరు అడగలేదు, అయినా చెప్పాలి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. సొంతానికి వాడుకునేవాళ్ల విషయంలో కోర్టు జైలు లేకుండా వదలొచ్చు. వ్యాపారానికి వాడేవాళ్లకు ఆ సడలింపు లేదు. మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. బోర్డు కట్టి, రశీదులిచ్చి, నిజాయితీగా కష్టపడే మనుషులు మీరు. సిస్టమ్ అమ్మినాయన వేసిచ్చిన దానికి మీరెందుకు చిక్కుల్లో పడాలి?

ఇక లినక్స్. కనీసం ఒక సిస్టమ్‌లో లైసెన్స్ ఉన్న విండోస్ ఉంచుకోండి. అనూ స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌లోనే నడుస్తుంది. డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు పెట్టి ఆన్‌లైన్ పనులు చేస్తుంటే వాటికీ విండోస్‌తోనే తేలిక. లెక్కలు ట్యాలీలో రాస్తుంటే అదీ అక్కడే ఉండనివ్వండి. విండోస్ 7 ఉన్న పాత సిస్టమ్‌లో లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ లాంటిది వేయవచ్చు, కానీ ముందు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హార్డ్ డిస్క్‌ను తాకకుండా దాని మీంచే నడిపి చూడండి. మీ అబ్బాయి సరదా తీరుతుంది, మీ పనీ ఆగదు. ముఖ్యంగా ప్రింటర్ చూసుకోండి. మన డీటీపీ షాపుల్లో ఎక్కువగా కనబడే కేనన్ ఎల్‌బీపీ 2900కు లినక్స్‌లో డ్రైవర్ ఎక్కించడం తలనొప్పి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు వెంటనే పలుకుతాయి. మీది కేనన్ అయితే దాన్ని విండోస్ సిస్టమ్‌కే ఉంచి, లినక్స్‌లో చేసిన పనిని పీడీఎఫ్‌గా ఇటు పంపి ప్రింటు తీసుకోండి.

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మూఢంలో. ఆషాఢమైనా సరే. ముహూర్తాలు లేనప్పుడు పత్రికల ఒత్తిడి ఉండదు, తప్పులు చేసి దిద్దుకోవడానికి తీరిక ఉంటుంది. ఇప్పుడున్న విండోస్ 10లోనే లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ వేసుకుని, మొదట ప్రశ్నపత్రాలు యూనికోడ్‌లో కొట్టండి. చెయ్యి తిరిగాక ఒక పత్రిక స్క్రైబస్‌లో చేసి, బటర్ పేపర్ మీద ప్రింటు తీసి, పేజ్‌మేకర్‌లో చేసిన పాతదాని పక్కన పెట్టి మీ ఆయనకు చూపించండి. ఆయన ఒప్పుకున్నాకే తర్వాతి పని. ఈలోపు బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొనండి. వారానికోసారి పనులన్నీ అందులోకి కాపీ చేసి, వైరు పీకి, ఇంట్లో పెట్టుకోండి. సిస్టమ్‌కు తగిలించే ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది.

ఆ పోయిన ఫైళ్ల పేర్ల చివర ఏ అక్షరాలు చేరాయో, నోట్‌లో ఏం రాసుందో, మీ ప్రింటర్ మోడల్ ఏమిటో వచ్చే ఉత్తరంలో రాయండి. ఎక్కువ వాడే అనూ ఫాంట్ల పేర్లు కూడా రాస్తే, వాటికి దగ్గరగా ఉండే యూనికోడ్ ఫాంట్లు ఏవో చూసి చెబుతాను.